పట్టేసిన పాత ట్రాక్టరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

దాళ్వా ధాన్యం ఇల్లు చేరి, కాలువలు కట్టేశాక, షెడ్డులో మూలనపడ్డ పాత బండి గుర్తొస్తుంది. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: "పట్టేసింది, కదలట్లేదు." ఒకే రకంగా ఉన్న ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. 2022 జులై వరదల్లో మా పాత మాసీ 1035 ట్రాక్టరు బానెట్ దాకా మునిగింది. నీళ్లు తీశాక పైపైన కడిగి పక్కన పెట్టాం, ఇంజిన్ విప్పలేదు. ఇప్పుడు ఫ్యాను పట్టుకుని తిప్పినా, సెల్ఫ్ కొట్టినా కదలడం లేదు. గేరులో వేసి ఇంకో ట్రాక్టరుతో లాగిస్తే వదులుతుందని మావాళ్లు అంటున్నారు. లాగించమంటారా?

జవాబు: వద్దు. సెల్ఫ్ కూడా ఇంక కొట్టకండి. పట్టేసిన ఇంజిన్‌ని గేరులో వేసి లాగితే ముందు ట్రాక్టరు బలమంతా వచ్చి పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. పిస్టన్ కదలకపోతే రాడ్డు వంగుతుంది. సిలిండర్లో నీళ్లు నిలిచి ఉంటే ఇంకా ప్రమాదం, ఎంత నొక్కినా నీరు నలగదు కదా. సెల్ఫ్ మోటారు తిరగకుండా కరెంటు మాత్రం తాగితే ఆర్మేచర్ కాలుతుంది, లేదంటే ఫ్లైవీలు రింగు పళ్లు రాలతాయి.

ముందు పట్టేసింది ఇంజినేనా అన్నది తేల్చుకోండి. ఫ్యాను పట్టుకుని తిప్పడం పరీక్ష కిందికి రాదు, బెల్టు జారిపోతుంది. ఫ్యాను బెల్టు తీసేయండి. వాటర్ పంపో డైనమోనో పట్టేసి ఉంటే అప్పుడే బయటపడుతుంది. గేరు, పీటీవో (పనిముట్లకి ఇంజిన్ బలం ఇచ్చే వెనక షాఫ్టు) లీవరు రెండూ న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ నొక్కించి, క్రాంకు పుల్లీ నట్టు మీద సాకెట్ వేసి రెండడుగుల హ్యాండిల్‌తో చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజినే.

తర్వాత ఆయిల్ ఛాంబర్ అడుగు ప్లగ్గు రెండు మూడు చుట్లు మాత్రం వదులు చేయండి. నూనె కంటే నీరు బరువు కాబట్టి అడుగున నీళ్లుంటే ముందు అవే కారతాయి. నీళ్లు కారాయంటే క్రాంకు తిరిగే మెయిన్ బేరింగులకూ తుప్పు పట్టిందనే అనుకోవాలి. పిస్టన్లు పైనుంచే వదులైనా సరే, స్టార్ట్ చేసే ముందు ఛాంబర్ దింపి బేరింగులు చూసుకోవాల్సిందే.

ఇక నాజిల్స్, అంటే సిలిండర్లోకి డీజిలు చిమ్మేవి. ప్రెషర్ పైపులు ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకుని విప్పండి, డీజిలు పంపు వైపు మూతుల్లోకి దుమ్ము పోకుండా కట్టండి. మునిగిన ఇంజిన్లో నాజిల్ హెడ్డుకి అతుక్కుపోయి ఉంటుంది. చుట్టూ నూనె పోసి ఒక రోజు ఆగి, కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతూ నిటారుగా పైకి లాగాలి. పక్కనుంచి గునపం పెట్టి ఎత్తితే నాజిల్ ఒంగుతుంది. అడుగున రాగి వాషరు హెడ్డులోనే ఉండిపోతుంది, దాన్ని గీరి తీసేసి బిగించేటప్పుడు కొత్తది వేయండి. టాపెట్ కవరు విప్పి రాకర్ షాఫ్టు కూడా పక్కన పెట్టండి. అప్పుడు వాల్వులన్నీ మూసుకుని ఒకే ఎత్తులో కనిపించాలి. ఏదైనా లోపలికి దిగి ఉంటే అది తెరుచుకునే పట్టేసిందన్నమాట. దాన్ని వదిలించకుండా ఇంజిన్ తిప్పితే పిస్టన్ వచ్చి గుద్దుతుంది, పుష్ రాడ్డు కూడా వంగుతుంది.

నాజిల్ రంధ్రంలోంచి సన్న గొట్టం దింపి, పశువులకి వాడే పెద్ద సిరంజితో లోపలి నీళ్లు పీల్చేయండి. పోయాల్సిన మందు ఇది: అసిటోన్ అర లీటరు, పవర్ స్టీరింగుకి వాడే ఎర్ర ఆయిల్ అర లీటరు. ఫైబర్ పడవలు చేసే చోట చేతులు, బ్రష్షులు కడిగేది అసిటోన్‌తోనే. రెసిన్ అమ్మే కొట్లో దొరుకుతుంది. ఈ రెండూ కలిసి ఉండవు, పోసే ముందు ప్రతిసారీ సీసా కుదపాలి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, ఆరుబయటే పని పెట్టుకోండి, బీడీ దగ్గరికి రాకూడదు. అది దొరక్కపోతే డీజిలు సగం, ఎర్ర ఆయిలు సగం. కాస్త ఆలస్యంగా పనిచేస్తుంది, అంతే.

సిలిండర్‌కి 50 మి.లీ. చాలు. దీనికో లెక్క ఉంది. సుమారు 2500 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్లో ఒక్కోదానికి 830 సీసీ చొప్పున వస్తుంది. కంప్రెషన్ నిష్పత్తి 17 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 50 సీసీయే. అంతకు మించి పోస్తే ఇంజిన్ కదిలినప్పుడు పైకి చిమ్మడం తప్ప లాభం లేదు. ఉదయం, సాయంత్రం చూసి తగ్గినంత మళ్లీ పోస్తూ వారం రోజులు ఉంచండి. గంటలో ఇంకిపోయిన సిలిండర్లో రింగుల పక్కన దారి ఉన్నట్టు. రెండు రోజులైనా మట్టం దిగకుండా అలాగే నిలిచిందంటే మీ దొంగ చాలావరకు అక్కడే ఉన్నాడు.

వారం తర్వాత పుల్లీ మీద, దాని పక్కన కవరు మీద ఒకే గీతగా సుద్దతో గీయండి. హ్యాండిల్‌కి మూడడుగుల గొట్టం తొడిగి నిదానంగా బరువు వేయండి, ఎగిరి దూకొద్దు. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు మాత్రమే ఆ నట్టుతో తిప్పాలి, ఎదురు తిప్పితే నట్టే ఊడుతుంది. వెనక్కి తిప్పడానికి సెల్ఫ్ మోటారు విప్పి, ఆ రంధ్రంలోంచి ఫ్లైవీలు పళ్లకి పట్టీ పెట్టి నెట్టాలి. సుద్ద గీత పావు అంగుళం జరిగిందంటే సగం గెలిచినట్టే. చాలామంది పాడు చేసుకునేదీ ఇక్కడే. సంతోషం పట్టలేక ఒక్కసారిగా తిప్పేస్తారు, పిస్టన్ పైన గోడకి పట్టిన తుప్పు పొర రింగుల్ని విరిచేస్తుంది. పావు అంగుళం ముందుకి, మళ్లీ వెనక్కి, కాస్త నూనె, మళ్లీ ముందుకి. ఒక పూట మొత్తం పట్టినా పట్టనీయండి.

పది రోజులైనా గీత జరగకపోతే హెడ్డు, ఛాంబర్ రెండూ దింపక తప్పదు. కనెక్టింగ్ రాడ్డు క్యాపులకి సిలిండర్ నంబరు, ఏ వైపుదో గుర్తు కొట్టి, ఒక్కొక్కటే విప్పి క్రాంకు తిప్పి చూస్తే పట్టేసిన పిస్టన్ ఏదో తేలుతుంది. మూడూ కాకపోతే పట్టింది మెయిన్ బేరింగు. దొరికిన పిస్టన్‌ని కొట్టే ముందు, దాని పైనున్న సిలిండర్ గోడని డీజిల్లో తడిపిన 120 నంబరు ఎమరీ కాగితంతో ఏటవాలుగా రుద్ది తుప్పంతా తీసి, పొడి గుడ్డతో తుడవాలి. తుమ్మ దుంగని లేత్ మీద సిలిండర్ కంటే 3 మి.మీ. తక్కువ మందానికి చెక్కించండి. సుమారు 91 మి.మీ. బోరుకి 88 సరిపోతుంది. ఆ దిమ్మ పెట్టి రెండు కిలోల సుత్తితో కొట్టాలి. ఇనుప గొట్టంతో కొడితే పిస్టన్ తల పగులుతుంది. రాడ్డు క్రాంకుకి బిగించి ఉండగా పిస్టన్ పూర్తిగా పైనో, పూర్తిగా కిందో ఉంటే ఎంత కొట్టినా క్రాంకు తిరగదు, దెబ్బ తిన్నగా బేరింగు మీదికి పోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లో అయితే నాలుగూ ఒకేసారి ఆ కొసల్లో ఉండే అవకాశం ఉంది. అలాంటప్పుడు క్యాపు విప్పి, పైన గోడ శుభ్రం చేశాక, కింద నుంచి దిమ్మతో పైకి కొట్టుకు రావడమే దారి. లైనర్ (పిస్టన్ ఆడే లోపలి గొట్టం) చుట్టూ నీళ్లు తిరిగే రకమైతే పిస్టన్‌తో పాటు లైనరే లేచిపోతుంది. హెడ్డు స్టడ్డులకి మందపాటి వాషర్లు వేసి లైనర్ అంచుని అదిమి బిగించాక కొట్టండి.

పిస్టన్ బయటికొచ్చాక గోడ మీద గోరు పెట్టి గీయండి. గోరు తట్టుకుందంటే ఎమరీతో పోయేది కాదు, లైనర్ మార్చాలి.

ప్రశ్న: నూనె పోసి వారం పెడితే ఇంజిన్ వదులైంది, చేత్తో రెండు చుట్లు తిరుగుతోంది. ఇక నాజిల్స్ బిగించి స్టార్ట్ చేసేయొచ్చా? (తణుకు)

జవాబు: ఇంకో మూడు పనులున్నాయి.

ఒకటి డీజిలు పంపు. ఏళ్ల తరబడి నిలిచిన డీజిలు లోపల జిగురు కడుతుంది. లైన్ పంపు అయితే పక్క మూత విప్పి, స్టాప్ లీవరు లాగినప్పుడు లోపలి ర్యాకు కమ్మీ అటూ ఇటూ హాయిగా జారుతోందా చూడండి. అది ఫుల్ వైపు పట్టేసి ఉంటే స్టార్ట్ అయిన ఇంజిన్ స్పీడు అందుకుని ఆగదు. శుభ్రమైన డీజిలు పోసి, నానబెట్టి, వేలితో మెల్లగా కదపండి. లోపలి స్క్రూల జోలికి పోకండి, డీజిలు లెక్క తప్పుతుంది. రోటరీ పంపు పట్టేసి ఉంటే మాత్రం బండి మీద ప్రయత్నాలు వద్దు, లోపలి షాఫ్టు విరుగుతుంది. విప్పి పంపుల షాపుకి పంపండి.

రెండోది ఆయిల్. పాతది పూర్తిగా వంచేసి కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేయండి. నాజిల్స్ బిగించకుండానే, రంధ్రాల మీద గుడ్డ కప్పి, స్టాప్ లాగి పెట్టి, సెల్ఫ్ పది సెకన్లు తిప్పండి. కాసేపు ఆపి మళ్లీ తిప్పండి. సిలిండర్లలో మిగిలిన మందు బయటికి చిమ్ముతుంది, మొహం అటు పెట్టకండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఇలాగే. ముల్లు లేవకుండా స్టార్ట్ చేస్తే ఎండిన బేరింగులు నిమిషంలో అరుగుతాయి.

మూడోది ఆపే ఏర్పాటు. సిలిండర్లో మిగిలిన నూనెనే ఇంజిన్ డీజిల్లా తాగి పరుగెత్తొచ్చు. అప్పుడు స్టాప్ లాగినా ప్రయోజనం ఉండదు, ఆ మంట పంపు ఇచ్చింది కాదు గనక. ఎయిర్ క్లీనర్ గొట్టం విప్పి, ఆ మూతిని పూర్తిగా కప్పే చెక్క పలక పట్టుకుని ఒకరు పక్కన నిలబడాలి. గాలి ఆగితే ఇంజిన్ ఆగుతుంది. అరచేయి అడ్డం పెట్టే సాహసం చేయొద్దు. లైన్లో గాలి తీసేటప్పుడు కూడా నాజిల్ పైపు కారే చోట వేలు పెట్టకండి, ఆ ప్రెషర్‌కి డీజిలు చర్మంలోకి దిగుతుంది. అలా దిగితే చిన్న చుక్కే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

స్టార్ట్ అయ్యాక తెల్ల పొగ కాసేపు వస్తుంది, కంగారు పడొద్దు. లోడు లేకుండా అరగంట నడిపి, వేడి మీదే ఆ ఆయిలు వంచేసి మళ్లీ కొత్తది పోయండి. ఖర్చే, కానీ తుప్పు పొడి పోయేది అందులోనే.

ప్రశ్న: సార్వా నాట్లు అయ్యాక పెట్టేసిన ట్రాక్టరు. ఇంజిన్ బాగానే స్టార్ట్ అవుతోంది గానీ క్లచ్ తొక్కినా గేరు పడదు, గరగరమంటుంది. రెండు ముక్కలు చేసి క్లచ్ ప్లేటు మార్చాలంటున్నాడు మెకానిక్. (ఆకివీడు)

జవాబు: విప్పే ముందు ఒక రోజు ఆగండి. పెడల్ ఖాళీ ఆట అంగుళం దగ్గర ఉందా చూడండి. ఆట మరీ ఎక్కువైతే పెడల్ చివరిదాకా తొక్కినా ప్లేటు వదలదు. అది సరిగానే ఉంటే, చెమ్మకి ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కుపోయి ఉంటుంది. దమ్ము చేసి నీళ్లు ఓడుతున్న బండిని అలాగే షెడ్డులో పెడితే జరిగేది ఇదే.

ఇంజిన్ ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కించి ఆపండి. ముందు నలభై యాభై గజాలు మనిషి, గట్టు, కాలువ లేని పొడి చేనులో నిలబెట్టండి. వెనక పనిముట్టు తీసేయండి. పెద్ద గేరులో వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టి, రెండు బ్రేకులూ కలిపే లాకు వేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. బండి కదులుతుంది, అది తెలిసే కూర్చోవాలి. క్లచ్ తొక్కే ఉంచి యాక్సిలరేటర్ పెంచి వదిలి, బ్రేకు కుదుపుగా వేయండి. అలా రెండు మూడు సార్లు చేస్తే టప్‌మని వదులుతుంది. చెట్టుకో గోడకో ఆనించి ఈ పని చేసేవాళ్లున్నారు, వదలకపోతే ముందు చక్రాలు లేస్తాయి. వెనక చక్రాలు జాకీ మీద లేపి చేయడం కూడా మాకు ఇష్టం లేదు, కుదుపుకి జాకీ జారుతుంది.

వదలకపోతే పెడల్‌ని సీటు కింద కర్రతో అదిమి రెండు రోజులు ఉంచి, మళ్లీ ఇదే చేయండి. మూడు విడతలైనా కుదరకపోతే మీ మెకానిక్ చెప్పిందే సరి. డబుల్ క్లచ్ (ట్రాక్టరుకో ప్లేటు, పీటీవోకో ప్లేటు) బండిలో ట్రాక్టరు ఆగి, పీటీవో మాత్రం ఆగకపోతే అతుక్కుంది రెండో ప్లేటు. పెడల్ రెండో మెట్టు దాకా దిగుతోందా చూసుకోండి. ఈసారి బండి పెట్టేసేటప్పుడు పెడల్‌కి అదే కర్ర అడ్డం పెట్టి ఉంచితే ప్లేటు అతుక్కోదు.

ప్రశ్న: నరసాపురం దిగువన సముద్రపు గాలి తగిలే చోటు మాది. దమ్ము చక్రాల బోల్టులు, వెనక చక్రం రిమ్ము బోల్టులు తుప్పు పట్టి ఒక ముద్దైపోయాయి. గ్యాస్ పెట్టి ఊడదీయమంటున్నారు.

జవాబు: దమ్ము చక్రాన్ని విప్పి దూరంగా పెట్టుకున్నాక గ్యాస్ పెట్టండి. టైరు ఉన్న రిమ్ముకి మాత్రం వద్దు. గాలి తీసేసినా సరే, వేడికి టైరు లోపలి రబ్బరు కాలి వచ్చే ఆవిరి అంటుకుని టైరు బాంబులా పేలుతుంది. టైరు రిమ్ము నుంచి పూర్తిగా ఊడదీశాకే మంట.

గ్యాస్ కంటే ముందు ఇనుప బ్రష్షుతో మరలు కనబడేలా గీకి, పైన ఇంజిన్‌కి చెప్పిన మందే రోజుకి రెండుసార్లు, మూడు రోజులు పెట్టండి. పన్నెండు మూలల రింగు పానా అరిగిన తలల మీద జారుతుంది, ఆరు మూలల సాకెట్ వాడండి. బోల్టు తల మీద సుత్తితో నాలుగు గట్టి దెబ్బలు తిన్నగా వేస్తే తుప్పు పొర పగిలి నూనెకి దారి దొరుకుతుంది. మొదట కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేయండి. అప్పటికీ రాకపోతే మంట నట్టు మీదే తిప్పాలి, బోల్టు మీద కాదు. నట్టు వేడికి వ్యాకోచించాలి, బోల్టు చల్లగా ఉండాలి. నట్టు ఎర్రబారాక మంట తీసి, ఎరుపు పోయి కాస్త చల్లారాక మరల దగ్గర మైనపు వత్తి తాకించండి. కరిగిన మైనం లోపలికి పాకుతుంది, అప్పుడు పానా వేయండి.

ఇంత చేసినా రానిదాన్ని కోసేయండి. రిమ్ము ఖరీదు ముందు బోల్టెంత! కొత్తవి 8.8 అని తల మీద ముద్ర ఉన్నవే కొనండి, మరలకి గ్రాఫైటు గ్రీజు పూయండి. చెరువుల పక్క ఉప్పు నీళ్లల్లో దిగిన రోజు సాయంత్రమే మంచి నీళ్లతో కడగకపోతే వచ్చే ఏడూ ఇదే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: సైలెన్సరు మానిఫోల్డు స్టడ్డు హెడ్డులోనే విరిగింది. (రాజోలు)

జవాబు: కొంచెం బయటికి ఉందా, లోపలికి విరిగిందా అన్నదాన్ని బట్టి. బయటికి ఉన్నా, అంచుకి సమానంగా ఉన్నా, దాని మీద కాస్త పెద్ద నట్టు పెట్టి లోపలి నుంచి 12 నంబరు వెల్డింగు రాడ్డుతో నింపించండి. బ్యాటరీ నెగటివ్ వైరు, డైనమో వైర్లు ముందే తీసేయాలి. వెల్డింగు వేడికే స్టడ్డు పట్టు వదులుతుంది. ఎరుపు తగ్గాక మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ తిప్పండి. మొదటిసారి నట్టు ఊడొస్తే నిరాశ పడకండి, మూడోసారికి రావడం మామూలే. లోపలికి విరిగితే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, సన్నటి డ్రిల్లు నుంచి పెంచుకుంటూ పోవాలి. విరిగిన స్టడ్డులో దించి తిప్పి తీయడానికి కొట్లో అమ్మే ఈజీ అవుట్‌ని ఇక్కడ నమ్మొద్దు. అది ఉక్కులో గట్టి ఉక్కు, లోపల విరిగితే ఏ డ్రిల్లూ దిగదు.

ప్రశ్న: స్టీరింగు రాయిలా ఉంది. ముందు చక్రాలు పక్కలకి తిరిగే కింగ్ పిన్నులకి గ్రీజు ఎక్కడం లేదు. (మండపేట)

జవాబు: ముందు యాక్సిల్‌ని జాకీతో ఎత్తి చక్రాలు నేల నుంచి లేపండి. బరువు మీద ఉన్నప్పుడు పిన్ను ఒక పక్క బుష్షుకి అదిమి ఉంటుంది, అటు గ్రీజు పోదు. నిపిల్ విప్పి కొత్తది వేయండి, సగం కేసుల్లో మూసుకుపోయింది అదొక్కటే. లోపలి దారి కూడా గట్టిపడితే సన్న తీగతో గెలికి, డీజిలు పోసి ఒక రాత్రి ఉంచండి. తర్వాత గ్రీజు కొడుతూ స్టీరింగు కొస నుంచి కొసకి తిప్పించండి. పైనా కిందా పాత నల్ల గ్రీజు వచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా ఆపొద్దు.

ప్రశ్న: పనిముట్టుని పైన ట్రాక్టరుకి పట్టి ఉంచే టాప్ లింకు, లింకు పిన్నులు తుప్పు ముద్దలయ్యాయి. సుత్తి దెబ్బలు కాకుండా వేరే దారి ఉందా? (పాలకొల్లు)

జవాబు: విడిగా ఊడొచ్చే ఇనుప వస్తువులకి చాకలి సోడా, బ్యాటరీ ఛార్జరు చాలు. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లకి ఐదారు పెద్ద చెంచాల చాకలి సోడా కలపండి. వస్తువుని నీళ్లలో వేలాడదీసి 12 వోల్టుల ఛార్జరు నెగటివ్ దానికి, పాజిటివ్ ఒక పాత ఇనుప రేకుకి ఇవ్వండి. రెండూ తాకకూడదు. వైర్లు తారుమారైతే కరిగేది మీ టాప్ లింకే. రాత్రంతా ఉంచితే తుప్పు నల్ల బురదలా వదులుతుంది, బ్రష్షుతో పోతుంది. రేకుగా స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, నీళ్లలోకి విషం దిగుతుంది. సోడాకి బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, కాబట్టి గదిలో కాకుండా ఆరుబయట పెట్టండి, ఛార్జరు ఆపాకే చేయి పెట్టండి. పిత్తళం, అల్యూమినియం వస్తువులు ఇందులో వేయొద్దు.

టాప్ లింకు తిప్పేటప్పుడు ఒకటి మరిచిపోవద్దు. ఒక కొస మరలు మామూలువి, రెండో కొసవి ఎడమ మరలు. ఎటు తిప్పితే బిగుస్తుందో చూసుకోకుండా పైపు వేసి తొక్కి విరిచినవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మా కోనసీమలో కొబ్బరి నూనెకి కొదవ లేదు. పట్టేసిన బోల్టులకి అదే పోయొచ్చా? (అంబాజీపేట)

జవాబు: తలకే రాసుకోండి. సన్న సందుల్లోకి అది డీజిల్లా పాకదు, పైగా పుష్యమాసం చలికి మరల్లోనే గడ్డకట్టి కూర్చుంటుంది.